కోర్టుకా, గుట్టకా?

2019 డిసెంబరు 6 ఉదయం ఎమ్మిగనూరులో అంబేడ్కర్ వర్ధంతి సభకు హాజరు కావడానికి ఆదోని నుంచి బయలుదేరాను. బస్సులో ఉండగానే ఫోన్లు మోగడం మొదలైంది. షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద ‘దిశ’ కేసు నిందితులు నలుగురూ తెల్లవారుజామున పోలీసు కాల్పుల్లో మరణించారన్నది ఆ వార్త. బస్సులో ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. ఎవరో ‘ఇప్పుడు న్యాయం జరిగింది’ అన్నారు. కాదన్న గొంతు ఒక్కటీ వినిపించలేదు. నా గొంతు కూడా లేవలేదు.

సభాస్థలి దగ్గర దృశ్యం అంతకంటే భిన్నంగా లేదు. విగ్రహానికి దండ వేసిన చేతులతోనే కొందరు యువకులు మిఠాయి పంచారు. ప్రసంగించిన వారిలో ముగ్గురు ముందు అంబేడ్కర్‌కు నివాళి అర్పించి, తరువాత పోలీసులను అభినందించారు. నా వంతు వచ్చింది. రాజ్యాంగ నైతికతపై మాట్లాడటానికి రాసుకున్న కాగితం చేతిలో ఉంది. అందులో 21, 22 అధికరణాలపై రెండు పేరాలు ఉన్నాయి. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ హరించరాదని మొదటిది చెబుతుంది. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలని రెండవది చెబుతుంది. ఆ రెండు పేరాలనూ దాటవేశాను. విద్య గురించి, రిజర్వేషన్ల గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాను.

సభ ముగిశాక ఒక పెద్దామె దగ్గరకు వచ్చింది. మా వాడకు చెందినదే. ఆమె కొడుకు ఆదోని నుంచి పత్తి బేళ్లు వేసుకుపోయే లారీ మీద క్లీనరు. ఆమె గొంతు తగ్గించి అడిగింది: “సారూ, మావోడు కూడా లారీ మీదనే పోతాడు గదా. రేపు యాడన్నా ఏదన్నా జరిగి వాణ్ని పట్టుకుంటే కోర్టుకు తీస్కపోతారా, గుట్టకు తీస్కపోతారా?” నేను ఆమెకు ఏదో సర్దిచెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తులేదు. ఆమె ప్రశ్న మాత్రం గుర్తుంది. ఈ వ్యాసం ఆ రోజు నేను చదవకుండా వదిలేసిన రెండు పేరాల బాకీ.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఆ పశువైద్యురాలిపై జరిగినది అత్యంత హేయమైన నేరం. దానిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఆడపిల్లల తండ్రిగా నవంబరు చివరి వారం నేనూ నిద్రపట్టకుండా గడిపాను. ఆ వార్త విన్న తొలి క్షణంలో నా మనసులో కూడా ఒక తృప్తి కదిలిందని ఒప్పుకోవడానికి వెనుకాడను. ప్రశ్న ఆ తృప్తి కలగడం గురించి కాదు. ఒక ప్రభుత్వం ఆ తృప్తిని తన విధానంగా మార్చుకోవచ్చునా అన్నదే ప్రశ్న. అలా మార్చుకుంటే ఎవరి ప్రాణం మీదికి వస్తుందన్నది దాని వెంటనే వచ్చే రెండో ప్రశ్న.

మరణించిన నలుగురూ నారాయణపేట జిల్లా మక్తల్ మండలానికి చెందిన లారీ డ్రైవర్లు, క్లీనర్లు. మా ఆదోని వాళ్లకు మక్తల్ దూరదేశం కాదు. తుంగభద్ర దాటి, రాయచూరు మీదుగా పోయి, కృష్ణ దాటితే మక్తల్. అదే ఎర్రనేల, అదే కరువు. మా కోసిగి, మంత్రాలయం, ఆలూరు పల్లెల నుంచి సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయినట్లే, భవన నిర్మాణ పనులకు హైదరాబాదు, బెంగళూరు పోయినట్లే, ఆ పల్లెల పిల్లలూ బడి మానేసి లారీ ఎక్కుతారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లేనని తేల్చింది. మైనరు చేత లారీ మీద చాకిరీ చేయించిన వ్యవస్థను ఎవరూ ప్రశ్నించలేదు. వాళ్లు శవాలైన తరువాతే వాళ్ల వయసు చర్చకు వచ్చింది.

2022 మే నెలలో బయటపడిన ఆ కమిషన్ నివేదిక పోలీసు కథనాన్ని నమ్మలేదు. నిందితులు ఆయుధాలు లాక్కున్నారని, రాళ్లు రువ్వారని, పారిపోబోయారని చెప్పిన మాటలు సాక్ష్యాలకు నిలవలేదని చెప్పింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని సిఫారసు చేసింది. మూకదాడి ఎంత ఆమోదయోగ్యం కాదో, తక్షణ న్యాయమనే ఆలోచన కూడా అంతే ఆమోదయోగ్యం కాదని ఆ నివేదిక సారాంశం. ఆపై ఆ వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు చేరింది. మిఠాయిలు పంచినంత వేగంగా ఈ నివేదికను పంచిన వారెవరూ నాకు కనిపించలేదు.

మన భాషలో ఒక విచిత్రం ఉంది. ఎన్‌కౌంటర్ అంటే రెండు పక్షాలు అనుకోకుండా ఎదురుపడటం. అది ‘జరగాలి’. కానీ తెలుగువాడు ఆ మాటను ఎలా వాడతాడో గమనించండి. ‘వాణ్ని ఎన్‌కౌంటర్ చేశారు’, ‘ఎన్‌కౌంటర్ చేసెయ్యాలి’ అంటాడు. అధికారిక ప్రకటనలో ఎదురుకాల్పులని ఉన్నా, జనానికి అది చేసిన పని అని తెలుసు. అసలు సంగతి తెలిసే చప్పట్లు కొడుతున్నాం. కాబట్టి మోసపోయామని చెప్పుకునే వీలు మనకు లేదు.

ఈ కథనం కొత్తది కాదు. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును పట్టుకున్న బ్రిటిషు బలగాలు విచారణ లేకుండానే కాల్చి చంపాయి. తప్పించుకోబోయాడన్నారు. అంతకు ముందు 1847లో మా సీమ నేలపైనే కంపెనీ ప్రభుత్వం ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో ఉరితీసింది. ఆ విచారణ ఎంత ఏకపక్షమైనదైనా, విచారణ అనే తంతు ఒకటి జరిపించాలని కంపెనీ దొరలకు కూడా అనిపించింది. ఈ ఇద్దరికీ ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం. రాజును చెట్టుకు కట్టి కాల్చడాన్ని ఈనాటికీ తెల్లదొరల దుర్మార్గంగా పిల్లలకు పాఠం చెబుతున్నాం. అదే పాఠం చెప్పే నోటితో ‘కాల్చిపారేస్తే పీడా పోతుంది’ అనడానికి మనకు ఏ తడబాటూ కలగడం లేదు.

ఇక కులం దగ్గరకు వద్దాం. ‘దిశ’ ఘటనకు మూడు రోజుల ముందు, 2019 నవంబరు 24న కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఒక దళిత మహిళపై సామూహిక అత్యాచారం చేసి చంపారు. ఆమె ఊరూరా తిరిగి చిన్న చిన్న సామాను అమ్ముకుని బతికే మనిషి. ఆమె కోసం టీవీ తెరలు కన్నీరు పెట్టలేదు. విశ్వవిద్యాలయాల నుంచి కొవ్వొత్తుల ఊరేగింపులు కదలలేదు. దళిత సంఘాలు రోడ్డెక్కి, ‘ఆమెకు ఒక న్యాయం, ఈమెకు ఒక న్యాయమా’ అని నిలదీసిన తరువాతే ఆమె కూడా వార్త అయింది, ఆమెకూ ‘సమత’ అని ఒక పేరు పెట్టారు. ప్రత్యేక కోర్టు ఏర్పడింది. 2020 జనవరి 30న ముగ్గురు నిందితులకు ఆ కోర్టు మరణశిక్ష విధించింది. మరణశిక్షపై నాకు వేరే అభిప్రాయం ఉంది. అది ఇక్కడ చర్చనీయాంశం కాదు. తలుచుకుంటే సుమారు రెండు నెలల్లో సాక్షులను విచారించి తీర్పు చెప్పగల వ్యవస్థ మన దగ్గర ఉందని ఆ కేసు రుజువు చేసింది. ‘కోర్టులకు పోతే ఇరవై ఏళ్లు’ అన్న వాదనకు అదే సమాధానం.

అదే ఏడాది ఏప్రిల్‌లో యాదాద్రి జిల్లా హాజీపూర్‌లో ముగ్గురు బాలికలను పొట్టన పెట్టుకున్న ఘోరం బయటపడింది. బావిలో నుంచి శవాలు తీశారు. నిందితుడు ఆధిపత్య కులస్థుడు. ఊరి జనం ఆగ్రహంతో రగిలిపోయారు. అయినా అతడిని ఏ వంతెన కిందికీ తీసుకుపోలేదు. నల్లగొండ కోర్టులో విచారణ జరిగింది. 2020 ఫిబ్రవరి 6న శిక్ష పడింది. అతడిని కాల్చి ఉండాల్సిందని నా వాదన కాదు. అతడికి దక్కిన కోర్టు మక్తల్ కుర్రాళ్లకు ఎందుకు దక్కలేదన్నదే ప్రశ్న. నేరతీవ్రతలో తేడా చూపించి దీనికి జవాబు చెప్పలేరు. ముగ్గురు పసిపిల్లల ప్రాణాల కంటే తీవ్రత ఇంకేముంటుంది?

మా ప్రాంతపు అనుభవం చూడండి. 2008 మే నెలలో దేవనకొండ మండలం కప్పట్రాళ్లకు చెందిన ఫ్యాక్షన్ నాయకుడితో కలిపి 11 మందిని ఒకే దాడిలో చంపారు. రాయలసీమ ఫ్యాక్షన్ చరిత్రలోనే అది పెద్ద దాడుల్లో ఒకటి. ఆ కేసు ఆదోని కోర్టులో నడిచింది. నిందితులకు వకీళ్లున్నారు. సాక్షులను అడ్డప్రశ్నలు వేశారు. 2014 డిసెంబరులో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. తరువాత అప్పీళ్లు నడిచాయి. ఆరేళ్లపాటు ఆదోనిలో ఆ కేసు గురించి చర్చించని టీ కొట్టు లేదు. ‘వీళ్లను ఎన్‌కౌంటర్ చేయండి’ అని ఊరేగింపు తీసిన వారిని మాత్రం నేను చూడలేదు. పదకొండు హత్యల కేసులో మాకు చట్టం మీద అంత ఓపిక ఎక్కడి నుంచి వచ్చింది? ఫ్యాక్షన్‌కు వెనుక ఊళ్లుంటాయి, ఓట్లుంటాయి, నాయకులుంటారు. లారీ క్లీనరు వెనుక ఎవరూ ఉండరు. మన ఓపిక నేరాన్ని బట్టి కాక, నేరస్థుడి వెనుక ఉన్న బలగాన్ని బట్టి కొలతకు వస్తోంది.

మరి దళితులే హతులైనప్పుడు? 1985 జూలై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. 1998 జూలైలో అప్పటి మా కర్నూలు జిల్లాలోని వేంపెంట. ఈ ఊచకోతల్లో ఏ ఒక్కదాని తరువాతా ‘తక్షణ న్యాయం’ కావాలని నాగరిక సమాజం కేకలు వేయలేదు. ‘చట్టం తన పని తాను చేసుకుపోతుంది’ అని మంత్రులు చెప్పారు. అలాగే చేసుకుపోయింది. కారంచేడు కేసు సుప్రీంకోర్టులో ముగిసేసరికి 2008 వచ్చింది. చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి గోనెసంచుల్లో కుక్కారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం విధిస్తే, 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. దళితులను చంపిన వారి విషయంలో చట్టం పట్ల ఇంత భక్తి చూపిన సమాజమే, పేదవాడు నిందితుడైనప్పుడు చట్టాన్ని అడ్డంకిగా చూస్తుంది.

ఇక్కడే నా మిత్రులు కొందరు ఎదురు ప్రశ్న వేస్తారు. ‘చుండూరులో మనకు న్యాయం చేయని కోర్టులను నువ్వెందుకు మోస్తావు? ఈ వ్యవస్థలో మనకు తుపాకీ న్యాయమూ లేదు, కోర్టు న్యాయమూ లేదు. కనీసం ఒకచోటైనా నేరస్థుడు చచ్చాడు కదా’ అంటారు. ‘సమత’ కుటుంబం తరఫున నిలబడిన వారిలోనూ ఆ రోజుల్లో కొందరు అదే కోరారు: వాళ్లను కాల్చినట్లే వీళ్లనూ కాల్చండని. ఆ కోరిక వెనుక ఉన్న అవమానాన్ని నేను అర్థం చేసుకోగలను. తూటా కూడా పై కులాల కన్నీటికే పేలుతుందా అన్న ఆక్రోశం అది. కానీ సమానత్వమంటే అందరికీ సమానంగా తూటాలు పంచడం కాదు.

చుండూరు కేసునే తీసుకోండి. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించడానికి దళితులు ఎంత పోరాడారో చరిత్రకు తెలుసు. ఆ కోర్టులో బాధితులు నిలబడి, చంపినవారి ముఖాలు చూపి, పేర్లు పెట్టి సాక్ష్యం చెప్పారు. హైకోర్టు తీర్పు వారిని ఓడించింది. అయినా ఆ సాక్ష్యం రికార్డులో ఉంది. ఆ తీర్పును చదవవచ్చు, తప్పుపట్టవచ్చు, పై కోర్టులో సవాలు చేయవచ్చు. నేటికీ మేం తరగతి గదుల్లో దానిని చర్చిస్తున్నాం. చటాన్‌పల్లిలో అలాంటిదేమీ మిగలలేదు. ఆ రాత్రి ఏం జరిగిందో, ఎవరు ఏం చేశారో, ఏ న్యాయస్థానమూ ఇక చెప్పదు. ఆ యువతికి కూడా తీర్పు దక్కలేదు.

ఆ కాల్పులు మరొక సంగతిని కూడా కప్పేశాయి. ఆ రాత్రి కుటుంబసభ్యులు ఫిర్యాదు చేయడానికి వెళితే, ఇది మా పరిధి కాదని స్టేషన్ల మధ్య తిప్పారన్న విమర్శ వచ్చింది. జాప్యానికి ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. విచారణ జరిగి ఉంటే ఆ గంటల లెక్క కోర్టులో తేలేది. డిసెంబరు 6 తరువాత ఆ ప్రశ్న అడిగిన వారే లేరు. పోలీసుల భుజాలపై పూలు చల్లిన తరువాత వారిని లెక్క అడగడం ఎవరికి సాధ్యం? మా పల్లెల్లో దళిత మహిళ అత్యాచార ఫిర్యాదుతో స్టేషనుకు వెళితే ఎంతసేపు బయట కూర్చోబెడతారో ఆమెకు తెలుసు. ఆమెకు కావాల్సింది ఎక్కడో పేలిన తుపాకీ కాదు. ఆ పూట ఆమె ఫిర్యాదు రాసుకునే కానిస్టేబులు.

2008 సంవత్సరాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. 2007 డిసెంబరులో విజయవాడ సమీపంలోని హాస్టలులో ఒక ఫార్మసీ విద్యార్థినిని కిరాతకంగా చంపారు. రాష్ట్రం అట్టుడికిపోయింది. 2008 ఆగస్టులో పోలీసులు ఒక దళిత యువకుడిని పట్టుకుని అతడే హంతకుడన్నారు. అదే ఏడాది డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు విద్యార్థినులపై యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు యువకులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అప్పుడూ పూలదండలే. ఆ ఊపులో విజయవాడ కేసు నిందితుడిని కూడా కాల్చి ఉంటే మనం ఏం చేసేవాళ్లం? ఇంకొక పెట్టె మిఠాయి పంచేవాళ్లం. కాల్చలేదు కాబట్టి విచారణ జరిగింది. 2010లో కింది కోర్టు 14 ఏళ్ల శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతడు నిర్దోషి అని తేల్చింది. ఆ అమ్మాయి తల్లిదండ్రులే మొదటి నుంచీ ఇతడు హంతకుడు కాడని చెబుతూ వచ్చారు. ఎనిమిదేళ్లకు పైగా జైలులో మగ్గి, ఆరోగ్యం చెడి, అతడు బయటికి వచ్చాడు. కోల్పోయిన యవ్వనాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అయినా తల్లి దగ్గరకు నడిచి వెళ్లగలిగాడు. కోర్టు తప్పుకు పైన ఇంకొక కోర్టు ఉంది. తూటా తప్పుకు పైన ఏమీ లేదు.

ఈ దేశపు జైళ్లలో విచారణ ఖైదీలుగా ఉన్నవారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది దళితులు, ఆదివాసులు, వెనుకబడిన కులాలవారు. అనుమానం ముందుగా వాలేది ఎవరి ఇంటి మీదనో ఈ ఒక్క లెక్క చాలు. బ్రిటిషువాళ్లు నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి విస్తరించారు. అప్పట్లో ఆదోని బళ్లారి జిల్లాలో భాగం. ఆ చట్టం కింద కొన్ని కులాల్లో పుట్టడమే నేరమైంది. స్టువర్టుపురం వంటి సెటిల్మెంట్లలో తరాలు మగ్గాయి. స్వాతంత్ర్యం తరువాత ఆ చట్టం రద్దయింది. స్టేషనులోని అనుమానితుల జాబితా, ఊరి పెద్దల అనుమానపు చూపు రద్దు కాలేదు. ఇలాంటి సమాజంలో విచారణ లేకుండా చంపే అధికారాన్ని పోలీసుకు ఇస్తే, అది ముందుగా ఎవరి మీద ప్రయోగిస్తారో చెప్పడానికి జోస్యం అక్కరలేదు.

2015 ఏప్రిల్ 7ను చూడండి. ఆ ఒక్క రోజే శేషాచలం అడవుల్లో 20 మంది తమిళ కూలీలు, ఆలేరు దగ్గర వ్యాన్లో కోర్టుకు తీసుకుపోతున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆలేరు మృతుల చేతులకు బేడీలు అలాగే ఉన్న ఫొటోలను దేశమంతా చూసింది. శేషాచలంలో చనిపోయినవారు ఎర్రచందనం దుంగలు మోసి కూలి సంపాదించుకునే వెనుకబడిన కులాలవారు, ఆదివాసులు. ఆ దుంగలను ఓడలకెక్కించి కోట్లు గడించిన వారెవరూ ఆ అడవిలో లేరు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ రోజు పెద్దగా చలనం లేదు. తమిళనాడులో బస్సులు ఆపారు. మనవాళ్లు కాదు కాబట్టి మనకు నొప్పి కలగలేదు. రేపు మన సుగ్గి కూలీలు పక్క రాష్ట్రపు అడవిలో ఇలాగే చనిపోతే, మనకోసం అక్కడివారు నొచ్చుకోవాలని ఏ ముఖంతో అడుగుతాం?

ప్రపంచమంతటా ఈ ద్వంద్వ నీతే. 2011 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం తన పౌరుడైన ఒక మతబోధకుడిని యెమెన్‌లో డ్రోనుతో చంపింది. విచారణ లేదు. రెండు వారాలకు అతడి పదహారేళ్ల కొడుకు కూడా మరో డ్రోను దాడిలో చనిపోయాడు. ఆ దేశమే 2018లో ఇస్తాంబుల్ కాన్సులేటులో జర్నలిస్టు ఖషోగ్గీ హత్యను నాగరికతకు మచ్చగా వర్ణించింది. అది మచ్చే, సందేహం లేదు. డ్రోను మచ్చ ఎందుకు కాలేదు? 2023లో కెనడాలో జరిగిన ఒక హత్యతో తనకు సంబంధం లేదని భారత ప్రభుత్వం ఖండించింది. మన టీవీ చర్చల్లో మాత్రం ఆ ఖండన కంటే, ‘మనమూ చేయగలం’ అన్న గర్వమే ఎక్కువగా వినిపించింది. మనవాళ్లు చంపితే శౌర్యం, ఎదుటివాళ్లు చంపితే ఉగ్రవాదం. ఊళ్లో కులం చేసే పని ప్రపంచ వేదికపై జాతి చేస్తోంది.

ద్వంద్వ నీతిని ఎదుటివారిలో చూపించి ఊరుకుంటే నా వ్యాసం కూడా ద్వంద్వ నీతే అవుతుంది. 1989లో కారంచేడు కేసులో ప్రధానంగా పేరు వినిపించిన వ్యక్తిని నక్సలైట్లు చంపారు. నేను అప్పటికి చిన్నపిల్లవాణ్ణి. మా వాడలో పెద్దలు ఆ వార్తను చెప్పుకుంటూ ‘లెక్క సరిపోయింది’ అనుకోవడం గుర్తుంది. లెక్క సరిపోలేదు. కోర్టు నుంచి రావాల్సిన తీర్పు స్థానంలో ఒక శవం వచ్చింది, అంతే. ఇన్‌ఫార్మర్ల పేరిట అన్నలు చంపినవారిలో ఎంతమంది ఆదివాసులు, దళితులు ఉన్నారో మనలో చాలామంది లెక్కపెట్టలేదు. పోలీసు తుపాకీని ప్రశ్నించే నాలుక ఆ తుపాకీ ముందు తడబడింది. ఈ తడబాటును బహిరంగంగా ఎత్తిచూపినవాడు కె.బాలగోపాల్. పౌరహక్కుల సంఘంలో ఎన్‌కౌంటర్లపై ఏళ్ల తరబడి పోరాడిన మనిషి, ఉద్యమ హింసను కూడా ప్రశ్నించాలంటూ బయటికి వచ్చి 1998లో మానవహక్కుల వేదికను నిర్మించాడు. రెండు వైపుల నుంచీ నిందలు పడ్డాడు. నీతికి ఒకే కొలబద్ద ఉండాలని పట్టుబట్టేవారికి దక్కే బహుమతి సాధారణంగా అదే.

తెలుగు సమాజానికి ఈ విషయంలో సిగ్గుపడదగిన చరిత్ర ఉన్నట్లే గర్వించదగిన చరిత్రా ఉంది. ఎన్‌కౌంటర్ మరణాలపై జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997లో దేశానికంతటికీ జారీ చేసిన మార్గదర్శకాలకు పునాది మన పౌరహక్కుల సంఘం ఇచ్చిన ఫిర్యాదులే. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే కేసు నమోదు చేయాలని, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాల్సిన వాదన అని చెప్పింది. దాని అమలు సుప్రీంకోర్టులో ఆగింది. 2014లో సుప్రీంకోర్టే ప్రతి ఎన్‌కౌంటర్ మరణంపై ఎఫ్.ఐ.ఆర్., స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి అంటూ 16 సూత్రాలు నిర్దేశించింది. కె.జి.కన్నబిరాన్ వంటి న్యాయవాదులు జీవితమంతా దీనికే వెచ్చించారు. ఇంత చరిత్ర ఉన్న నేల మీద, 2019 డిసెంబరులో మన శాసనసభలోనే చటాన్‌పల్లి కాల్పులకు అభినందనలు వినిపించాయి. రోజుల వ్యవధిలో 21 రోజుల్లో తీర్పు చెప్పే ‘దిశ’ బిల్లును అదే సభ ఆమోదించింది. కోర్టు అక్కరలేదన్నందుకు హర్షం, కోర్టును వేగవంతం చేయడానికి చట్టం, రెండూ ఒకే సభలో, ఒకే వారంలో.

అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, రాజ్యాంగ నైతికత మనుషులకు సహజంగా పుట్టేది కాదని, దానిని పెంపొందించుకోవాలని, మన ప్రజలు ఇంకా నేర్చుకోవాల్సి ఉందని హెచ్చరించాడు. ప్రతీకారం సహజమైన భావన. దానిని నేర్పనక్కరలేదు. నాకు ఇష్టంలేనివాడికి కూడా న్యాయవిచారణ దక్కాలని కోరడమే నేర్చుకోవాల్సిన విద్య. దళిత బహుజనులకు ఇది పుస్తక విద్య కాదు. ఊరి పంచాయతీ కట్టిన కొరడా దెబ్బల నుంచి, రచ్చబండ తీర్పుల నుంచి బయటపడటానికి మన తాతలు పట్టుకున్న తాడు ఆ రాజ్యాంగమే. విచారణ లేని శిక్ష మన తాతలకు కొత్త కాదు. వేల ఏళ్లు వారు అనుభవించింది అదే. దానికి ఖాకీ రంగు వేసినంత మాత్రాన మనం చప్పట్లు కొట్టవలసిన పని లేదు.

కాబట్టి నేను నాకు పెట్టుకున్న నియమం చిన్నది. ఎన్‌కౌంటర్ వార్త విన్నప్పుడల్లా మొదట మృతుడి కులం, మతం, పార్టీ, నేరం తెలుసుకోవాలని మనసు ఆరాటపడుతుంది. ఆ వివరాలు తెలియకముందే ఒక ప్రశ్న అడగాలి: ఇతడిని మేజిస్ట్రేటు ముందుకు ఎందుకు తీసుకుపోలేకపోయారు? హాజీపూర్ నిందితుడి విషయంలో ఏ ప్రశ్న అడుగుతానో చటాన్‌పల్లి నిందితుల విషయంలోనూ అదే అడగాలి. ఆలేరు ఖైదీకి, అడవిలో చనిపోయిన మావోయిస్టుకు, మావోయిస్టులు చంపిన గిరిజనుడికి, రేపు నన్ను అవమానించినవాడికి కూడా అదే. సంఘాలు కూడా ఈ నియమాన్ని పెట్టుకోవాలి. బాధితురాలు మన కులస్థురాలైనప్పుడు వేగవంతమైన విచారణ కోరదాం, సాక్షులకు రక్షణ కోరదాం, ఫిర్యాదు తీసుకోని అధికారిపై చర్య కోరదాం. తూటా మాత్రం కోరవద్దు. మనం కోరి తెచ్చుకున్న తూటా మన ఇంటి దారి మరచిపోదు.

ఎమ్మిగనూరు సభ నిర్వాహకులు తరువాత కూడా పిలిచారు. ఈసారి వదిలేసిన ఆ రెండు పేరాలూ చదివాను. సభలో కొందరు ముఖం చిట్లించారు. ఒక యువకుడు లేచి, ‘మీ ఇంటి ఆడపిల్లకు జరిగితే ఇలాగే మాట్లాడతారా సార్?’ అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ‘నా ఇంటి ఆడపిల్లకు జరిగితే నేను తుపాకీ అడగవచ్చు తమ్ముడూ. అందుకే ఆ తుపాకీ నా చేతిలో ఉండకూడదు, నా కోసం పోలీసు చేతిలోనూ ఉండకూడదు’ అన్నాను. అతడు ఒప్పుకోలేదు. వాదన సభ తరువాత సోమప్ప సర్కిల్ దాకా సాగింది. 2019లో నేను ఆ వాదనకు కూడా చోటివ్వలేదు కదా అనుకున్నాను.

ఆ పెద్దామె ఆ రోజు సభకు రాలేదు. కొడుకు లారీ మీద గుంటూరు పోయాడని, ఇంటి దగ్గర మనవడిని చూసుకుంటోందని తెలిసింది. ఇంటికి వెళ్లి పలకరించాను. ఆమె ప్రశ్నకు ‘కోర్టుకే తీసుకుపోతారు పెద్దమ్మా’ అని భరోసాగా చెప్పాలని ఉంది. ఇప్పటికీ అంత భరోసాగా చెప్పలేకపోతున్నాను.